చెవి ఒక అమానత్

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాము. దివ్య ఖుర్ఆన్ సైతం అనేక చోట్ల చూపుకన్నా ముందు వినికిడినే ప్రస్తావించింది. అటువంటి అనుగ్రహం కొరవడిన పసిబిడ్డకు వైద్యులు వినికిడి యంత్రం అమర్చినప్పుడు, దానిని పెట్టెలో దాచడం న్యాయమా?

మా మదరసాకు వచ్చే నాలుగేళ్ల బాలిక ఇంట్లో యంత్రం ధరిస్తుంది. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు మాత్రం పెద్దలు తీసివేసేవారు. "నలుగురూ చూస్తే రేపు సంబంధం ఎలా కుదురుతుంది హజ్రత్?" అని తండ్రి వాపోయారు. "ఆ నలుగురి మధ్య మీ పాప ఏమీ వినపడక కూర్చోవడం మీకు సమ్మతమేనా?" అన్నాము. ఆయన తల దించుకున్నారు.

మాటలు నేర్చే వయసు తిరిగి రాదు. చెవిన పడని మాటను నాలుక పలకడం కష్టం. కనుక స్నానానికి, నిద్రకు తప్ప యంత్రం తీయరాదు. బిడ్డ లాగి పారవేస్తే కోపగించక, ఆటల వేళ కొద్దిసేపు పెట్టి, క్రమంగా మేల్కొన్నంతసేపూ ఉంచడం అలవాటు చేయాలి. ఊరకే ఈల శబ్దం వస్తూ ఉంటే చెవిలోని అచ్చు సరిగా అమరలేదేమో చూడాలి. బిడ్డ ఎదిగేకొద్దీ అచ్చు మార్పించాలి. బిళ్ల బ్యాటరీ మింగితే ప్రాణాపాయం, అందకుండా ఉంచాలి. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

మొన్న ఒక నిఖాలో ఆ బాలికను చూశాము. యంత్రం చెవికే ఉంది. ఖుత్బా మొదలు కాగానే తలెత్తి అటు చూసింది.

సంతానమనే అమానత్‌ను కాపాడే స్థైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.