“మామూ, ఇది మనదే కదా!”



పోయిన చలికాలంలో టెక్సాస్‌లో ఆపా వాళ్లింటికి వెళ్లొచ్చిన ముచ్చట రాస్తానని ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్నా. అక్కడ మన తెలుగువాళ్లు ఎట్లా ఉన్నారు, బిర్యానీ ఎక్కడ బాగుంది, ఇవన్నీ రాయమని కొందరు అడిగారు. అది ఇంకోసారి. ఇవాళ నా దిల్‌లో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయిన ఒక్క మాట గురించి చెప్తా. ఆ మాట అన్నది నా భాంజా, పద్నాలుగేళ్ల పిల్లాడు. అన్న చోటు సాన్ ఆంటోనియో ఊరి దక్షిణాన, ఒక పాత చర్చి దర్వాజా ముందు.

ఎస్పాదా మిషన్ అంటారు దాన్ని. చిన్న రాతి చర్చి. నెత్తి మీద మూడు గంటలు. గుమ్మం పైన కమాను చూస్తే ఎవరికైనా అడుగు ఆగుతుంది. అది గుండ్రంగానూ లేదు, కోసుగానూ లేదు. గుర్రపు నాడాలాగా లోపలికి వంగి, మధ్యలో ఎక్కడో లెక్క తప్పినట్టు ఉంటుంది. రాళ్లు పేర్చినవాళ్లు వరస తప్పారని కొందరంటారు. కావాలనే అట్లా కట్టారని ఇంకొందరంటారు. పిల్లాడు తల పైకెత్తి చూసి, “మామూ, ఇది మస్జిద్ దర్వాజాలా ఉంది. ఇది మనదే కదా!” అన్నాడు.

అబద్ధం ఎందుకు, నాకూ ఖుషీ అయింది. ఇక్బాల్ ‘మస్జిదె ఖుర్తుబా’ వింటూ పెరిగినవాళ్లం. అందలుస్ అనే మాట చెవిన పడితే చాలు, మన ఛాతీ కొంచెం పొంగుతుంది, గొంతు కొంచెం పూడుకుపోతుంది. “అవును బేటా, స్పెయిన్ వాళ్లకు ఇవన్నీ నేర్పింది మనవాళ్లే” అనేశాను. అన్నాక రోజంతా ఆ మాటే నన్ను తరిమింది.

పూర్తి అబద్ధమేమీ చెప్పలేదు. ఎస్పాదాకు కాస్త దూరంలో, వాగు మీదుగా రెండు కమానుల మీద ఒక రాతి కాలువ పోతుంది. 1745 నాటికి పూర్తయింది. నది మీద ఆనకట్ట కట్టి, అక్కడ మళ్లించిన నీళ్లు ఇవాళ్టికీ ఆ కాలువలో పారుతున్నాయి. ఆ కాలువని అక్కడ ‘అసేకియా’ అంటారు. అరబ్బీలో ‘అస్సాఖియా’. నీళ్లు పోసేవాణ్ని సాఖీ అంటాం చూడండి, మన గజళ్లలో గ్లాసు పట్టుకుని తిరిగే సాఖీ, అదే ధాతువు. 1731లో కనరీ దీవుల నుంచి వచ్చి ఈ ఊరు కట్టుకున్న కుటుంబాలు కాలువ నీళ్లు వంతులవారీగా పంచుకునేవాళ్లు. ఆ వంతుకి పేరు ‘దూలా’. అదీ అరబ్బీయే. మన తెలంగాణ చెరువుల కింద నీరటి మనిషి ఒక్కో మడికి నీళ్లు విడిచినట్టే అనుకోండి. ఊరి పెద్ద పేరు ‘అల్కాల్దే’, అంటే అల్ ఖాజీ. పచ్చి ఇటుక ‘అదోబే’, అంటే అత్తూబ్. గిడ్డంగి ‘అల్మసేన్’, అంటే అల్ మఖ్జన్. దేవుడి దయ ఉంటే అని ఆశపడుతూ స్పానిష్ వాళ్లు ‘ఓహలా’ అంటారు, దాంట్లో మన అల్లా పేరే దాక్కుని ఉంది.

ఇదంతా చెప్తుంటే భాంజా కళ్లు మెరిశాయి. దుల్హాభాయ్ మాత్రం గడియారం చూసుకుంటున్నారు. ఆయనకు మిషన్ అంటే అలామో ఒక్కటే, అది నిన్ననే చూశాం కదా అని. నిజానికి ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. అలామో అంటే 1836 నాటి లడాయి అనే అందరికీ తెలుసు. అది 1718లో మొదలైన మిషన్ అనీ, ఈ నది వెంట ఉన్న అయిదింటిలో మొదటిదనీ, అక్కడ మూలవాసుల సమాధులున్నాయనీ ఎంతమంది గుర్తు పెట్టుకుంటారు? 2015లో అయిదింటినీ కలిపే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వెళ్లేవాళ్లకి నా సలహా ఒక్కటే: అలామో దగ్గర ఫొటో దిగి వెనక్కి రాకండి. దక్షిణాన ఎస్పాదా దగ్గర మొదలుపెట్టి పైకి రండి.

సరే, నన్ను తరిమిన మాట సంగతికి వస్తా.

ఆ కమాను రాళ్లు ఎత్తింది అరబ్బులు కాదు, స్పెయిన్ పాదరీలూ కాదు. నమూనా వాళ్లది, మేస్త్రీ ఎక్కడి నుంచో వచ్చినవాడు అయ్యుండొచ్చు. చెమట మాత్రం ఈ నేల మూలవాసులది. ఇవాళ అందర్నీ కలిపి కోవావిల్తెకన్లు అంటున్నారు గానీ వాళ్లు ఒక్క ఖౌమ్ కాదు. వేటాడుతూ, పెకాన్ గింజలు, నాగజెముడు పళ్లు ఏరుకుంటూ తిరిగే చిన్న చిన్న గుంపులు. ఒకపక్క అపాచీల దాడులు, ఇంకోపక్క తెల్లవాళ్ల కంటే ముందే వచ్చి పడిన కొత్త రోగాలు, ఆకలి. మిషన్ గోడల లోపల తిండి దొరుకుతుంది, జాన్ దక్కుతుంది. అట్లా వచ్చారు. వచ్చాక పేరు మారింది, బట్ట మారింది, తిండి మారింది, దేవుడు మారాడు. గంట కొడితే లేవాలి, గంట కొడితే పనికి పోవాలి, గంట కొడితే దువాకి రావాలి. పారిపోయినవాళ్లను వెతికి పట్టి తెచ్చేవాళ్లు. పనాహ్ ఇచ్చిన గోడే పంజరం కూడా అయింది. పాదరీలందరూ జాలిమ్‌లని నేను అనను. స్పెయిన్ సిపాయిల నుంచి, భూమి కోసం వచ్చినవాళ్ల నుంచి ఈ మనుషుల్ని అడ్డుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కానీ నీయత్ మంచిదైనంత మాత్రాన, పోయిన పేర్లు తిరిగి రావు కదా.

ఈ ఎస్పాదాలోనే పనిచేసిన ఒక ఫ్రాన్సిస్కన్ పాదరీ, బర్తొలొమే గార్సియా, 1760లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. పాపాలు ఒప్పించే పాదరీలకు పనికొచ్చే పుస్తకం. ఒకవైపు స్పానిష్, ఇంకోవైపు ఇక్కడి మనుషుల భాష. దొంగతనం చేశావా, పెయోటే తిన్నావా, ఎవరితో పడుకున్నావు, ఇట్లాంటి సవాళ్లు. ఇవాళ ఆ జబాన్ గురించి తెలుసుకోవాలంటే మనకున్న అన్నిటికంటే పెద్ద ఆధారం ఆ పుస్తకమే. కాస్త ఆలోచించండి దోస్తులారా. ఒక భాష మొత్తంలో జోలపాట మిగల్లేదు, తల్లి తిట్టు మిగల్లేదు, మొగుడూపెళ్లాల సరసం మిగల్లేదు. మిగిలింది ఒక తఫ్తీష్. మన దక్కనీ అట్లా మిగిలితే? నూరేళ్ల తర్వాత ఎవరో దక్కనీ నేర్చుకోవడానికి పోలీసు స్టేషన్ బయానుల ఫైలు ఒక్కటే దొరికితే?

అప్పుడు నాకు గర్నాతా గుర్తొచ్చింది. 1492లో ఆ షహర్ లొంగినప్పుడు మీ దీన్ మీది, మీ మస్జిద్‌లు మీవి అని ఒప్పందం రాసుకున్నారు. పదేళ్లు కూడా నిలబడలేదు. సిస్నెరోస్ అనే పెద్ద పాదరీ వచ్చి అరబ్బీ కితాబులు కుప్పపోసి తగలబెట్టించాడు, జనానికి బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. ఆయనా ఫ్రాన్సిస్కనే. 1567లో రాజు హుకుం వచ్చింది: అరబ్బీ మాట్లాడొద్దు, ఆ పేర్లు పెట్టుకోవద్దు, ఆ బట్టలు కట్టొద్దు, ఆఖరికి హమామ్‌లు కూడా వద్దు. 1609 నుంచి అయిదేళ్లలో మిగిలినవాళ్లను పడవలెక్కించి తరిమేశారు. ఇంకో నూరేళ్లకు సముద్రం ఇవతల ఈ మిషన్లు. పేరు, బట్ట, జబాన్, దీన్. జాబితా అదే.

మరి ఆ గోడల ముందు నిలబడి నేనేమన్నాను? “మనవాళ్లే నేర్పారు” అన్నాను. గర్నాతాలో మనల్ని తుడిచేసినవాళ్లు ఇక్కడ ఇంకొకర్ని తుడిచేస్తుంటే, ఆ తుడిచే గుడ్డ మీద అల్లిక పని మాదే అని మురిసిపోయినట్టు.

ఈ బీమారీ నా ఒక్కడిది కాదు. అమెరికాలో మొదటి ముసల్మాన్ అంటూ వాట్సాప్‌లో తిరిగే కథ మీకూ వచ్చే ఉంటుంది. మొరాకోలోని అజెమ్మూర్ నుంచి గులాముగా అమ్ముడుపోయి, 1528లో టెక్సాస్ తీరానికి కొట్టుకొచ్చిన మనిషి. ఏళ్ల తరబడి ఈ నేలంతా నడిచి, 1539లో జూనీ ప్రజల ఊరి దగ్గర చచ్చిపోయాడు. గొప్ప కథే. కానీ స్పానిష్ వాళ్ల రాతల్లో ఆయన ఎస్తెబాన్ మాత్రమే. అమ్మీ అబ్బా పెట్టిన పేరు వాటిలో లేదు. ఆయన్ని మనం పతకంలా మెడలో వేసుకుంటున్నాం. కానీ మిషన్ రిజిస్టర్‌లో కొత్త పేరు రాయించుకున్న మనిషి పక్కన నిలబెట్టి చూడం.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటా, మీకు కోపం వచ్చినా సరే. 2020లో ఆయా సోఫియా మళ్లీ మస్జిద్ అయినప్పుడు నేను స్టేటస్ పెట్టాను. ఖుర్తుబా మస్జిద్ నడుమ చర్చి కట్టారని ఏడ్చేది కూడా నేనే. 1992 డిసెంబర్ చూసిన ఇళ్లలోంచి వచ్చిన మనకు ‘ఇది మాది’ అనే మాట ఎంత పదునుగా ఉంటుందో తెలియదా?

మధ్యాహ్నానికి సాన్ హోసే చేరాం. వీటిల్లో పెద్దది, 1720లో మొదలైంది. చర్చి ముఖం మీద చెక్కిన పని, పక్కన గులాబీ కిటికీ చూడటానికే అందరూ వస్తారు. చూడాల్సిందే, వద్దనను. ఒకప్పుడు గోడలంతా ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో పూలబిళ్లల నమూనా వేసి ఉండేదట, దాని మచ్చు కొంత మళ్లీ వేసి పెట్టారు. కానీ నా మాట విని ముందు చుట్టుగోడ దగ్గరికి వెళ్లండి. ఆ గోడలోనే వరసగా చిన్న గదులు. 1930లలో తిరిగి కట్టినవే అయినా కొలత తెలుస్తుంది. 300 మందికి పైగా ఇట్లాంటి గదుల్లో బతికారు. ఒక గదిలోకి దూరితే తల వంచాల్సి వచ్చింది. అక్కడ నిలబడి బయటికి చూస్తే చర్చి ఇంకోలా కనిపిస్తుంది.

అక్కడే ఒక పెద్దామె పలకరించింది. డెబ్భై ఏళ్లు ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చారంటే చెప్పాం. “మీరు?” అన్నాడు భాంజా. “మేం ఇక్కడివాళ్లమే. మా ముత్తాతల ముత్తాతలు ఈ గోడల్లోనే ఉండేవాళ్లు. ఇవాళ ఇతవారం కదా, మాస్‌కి వచ్చా” అంది. నాలుగు మిషన్లలో ఇవాళ్టికీ ఆరాధన జరుగుతుంది. వీళ్లపై ఇంత జుల్మ్ జరిగితే మళ్లీ ఈ చర్చికే ఎందుకు వస్తున్నారని నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. అడగకుండానే ఆమెకు అర్థమైనట్టుంది. “కట్టింది మావాళ్లు. వదిలిపెట్టి ఎక్కడికి పోతాం?” అంది. సాన్ హువాన్ మిషన్‌లో తమవాళ్ల ఎముకలు తవ్వి పట్టుకెళ్తే, ఏళ్ల తరబడి అడిగి అడిగి 1999లో తిరిగి తెచ్చి అక్కడే పూడ్చుకున్నారని కూడా చెప్పింది. భాంజా ఈసారి ఏమీ అనలేదు.

జొహర్ వేళ అయింది. లోపల మాస్ మొదలైంది, గిటార్లు, బాకాలు వినిపిస్తున్నాయి. పిల్లాడు కమానుల నీడ చూపించి, “మామూ, అక్కడ చదువుదామా? ఖాళీగా ఉంది” అన్నాడు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు జెరూసలేం వెళ్లినప్పటి రివాయత్ వాడికి చెప్పాను. నమాజ్ వేళైతే, చర్చి లోపలే చదువుకోమని అక్కడి పాదరీ అన్నాడట. నేనిక్కడ చదివితే రేపు నా వాళ్లు ఉమర్ చదివిన చోటు కాబట్టి ఇది మాది అంటారు అని, ఆయన బయటికి వచ్చి మెట్ల దగ్గర చదువుకున్నారట. ఈ కథ మనం ఇస్లాం ఎంత ఉదారమో ఇతరులకు చెప్పుకోవడానికి వాడతాం. ఆయన భయపడింది ఇతరుల గురించి కాదు, మన గురించే. అది చెప్పుకోం.

దుల్హాభాయ్ కారులోంచి నీళ్ల సీసాలు తెచ్చారు. రెండున్నర శతాబ్దాలు దాటిన కాలువ చూసొచ్చి సీసా నీళ్లతో వుజూ చేసుకున్నాం. ఆవరణ చివర ఒక చెట్టు కింద దస్తీలు పరిచి, ముగ్గురం నిలబడ్డాం. సలాం తిప్పేసరికి మాస్ ముగిసి జనం బయటికి వస్తున్నారు. ఆ పెద్దామె మనవరాలి చెయ్యి పట్టుకుని మా వైపే వస్తోంది. మా చెప్పులు సరిగ్గా దారి మధ్యలో ఉన్నాయి. భాంజా లేచి వెళ్లి వాటిని పక్కకు తీసి, ఆమె దాటేదాకా అక్కడే నిలబడ్డాడు.