మాఫీ రాని అప్పు

2024 ఆగస్టు 15న వైరాలో జరిగిన సభకు మా మేనమామ తల్లాడ దాపునున్న తన ఊరినుండి ట్రాక్టరెక్కి వెళ్ళివచ్చాడు. రుణమాఫీ మూడవ విడతను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించినది ఆ సభలోనే. కుటుంబం బాకీ 2 లక్షలు దాటితే పై మొత్తాన్ని రైతు ముందుగా బ్యాంకుకు చెల్లించాలి, ఆ తరువాతే ప్రభుత్వం 2 లక్షలు జమ చేస్తుంది. ఇదీ నిబంధన.

మామయ్య బాకీ 2,60,000. పై 60,000 కోసం ఊళ్ళోనే రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాశాడు. సకాలంలో తీర్చిన పంటరుణానికి ఏడాదికి 4 శాతం పడేచోట ఇది 24 శాతం. రెండు నెలల మాటే కదా అనుకున్నాడు. ఆ 2 లక్షలు రాలేదు. నవంబరు 30న ఇంకొక విడత విడుదలయింది, అందులోనూ ఆయన పేరు లేదు. 2 లక్షలు పైబడిన రుణాలకు మాఫీ లేదని 2025 మార్చిలో వ్యవసాయ మంత్రి తుమ్మల నాగేశ్వరరావు శాసనసభలో తేల్చేశారు. ఆయన మా ఖమ్మం శాసనసభ్యుడే.

ఖజానాలో డబ్బు లేదంటే అర్థం చేసుకోగలను. ముందు నీవు కట్టు అని చెప్పి, కట్టినవాడిని నడివీధిలో నిలబెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు. కట్టని పొరుగురైతుకు బ్యాంకు బాకీ ఒక్కటే మిగిలింది. మాట నమ్మినవాడికి దానితోపాటు ప్రోనోటు కూడా మిగిలింది.

అక్కడినుండి మామయ్య తప్పించుకు తిరగడం మొదలుపెట్టాడు. పురుగుమందుల కొట్టు ముందునుండి వెళ్ళడు. మిర్చికి ముందుగా డబ్బిచ్చిన కమీషన్ వ్యాపారి ఫోను చేస్తే ఎత్తడు. ఎవరైనా వాకిట్లోకి వస్తే అత్తయ్య "ఊళ్ళో లేరండీ" అనేది. మనిషి పెరట్లోనే ఉండేవాడు! ఈ దాగుడుమూతలే అప్పుకంటె ప్రమాదకరమని నా అభిప్రాయం. కనబడని బాకీదారుపై ఊరు కథలల్లుతుంది. ఆ కథలు విని, అంతవరకు ఊరుకున్నవాళ్ళు కూడా పైకం అడగడానికి వస్తారు.

సరిగ్గా అప్పుడే పక్క ఊరి ఆసామి ఒకరు బేరం తెచ్చారు. "అన్నీ నేను తీరుస్తా. నాకొక్కడికి కట్టు చాలు. మూడు రూపాయలు." హామీగా రెండెకరాలకు అమ్మకపు అగ్రిమెంటు రాయాలట. నాలుగు అప్పులను ఒక అప్పుగా చేయడం వినడానికి హాయిగానే ఉంటుంది. నలుగురిలో ముగ్గురు కాదన్నా ఒకడు ఆగవచ్చు. ఆ ఒక్కడే అందరికీ బదులు కూర్చుంటే, వాడు కాదన్ననాడు పొలమే పోతుంది.

"ఏం ముఖం పెట్టుకొని పోవాలిరా అల్లుడూ వాళ్ళ దగ్గరికి?" అన్నాడు. ఉన్న ముఖమే పెట్టుకొని వెళదాం మామయ్యా అన్నాను.

ఒక నోటు పుస్తకంలో ఎవరికెంత, ఏ వడ్డీకి, పంటమీద ఎంత రావచ్చు అన్నీ రాసి, ఒకే వారంలో నలుగురి దగ్గరకూ వెళ్ళాము. ప్రోనోటుకు మూడేళ్ళే గడువు, ఆగితే చాలునని సలహా ఇచ్చిన పెద్దమనుషులు లేకపోలేదు. మామయ్య ఒప్పుకోలేదు. ఎనిమిది వేలు కట్టి, నోటు వెనుక తన చేత్తో చెల్లు వేశాడు. దానితో గడువు మళ్ళీ మొదటినుండి మొదలవుతుందని తెలిసే వేశాడు. షావుకారు మిగతాదానికి వడ్డీ రూపాయిన్నరకు దించాడు. కోర్టుకెక్కి డిక్రీ తెచ్చుకున్నా తాకట్టులో లేని రైతు ఇంటిని, దుక్కిటెద్దులను జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ అడ్డం వస్తుందని ఆయనకూ తెలిసే ఉంటుంది. మేము ఆ మాట ఎత్తలేదు.

బ్యాంకు మేనేజరు దరఖాస్తు తీసుకొని, రసీదు మాత్రం మూడోసారి అడిగితేగాని ఇవ్వలేదు. పురుగుమందుల కొట్టులో సరుకు అరువివ్వనన్నారు, అది వారి హక్కు. కమీషన్ వ్యాపారి ఒక్కడే లొంగలేదు. పంటంతా తన కొట్టుకే రావాలంటాడు, ధర మాత్రం ముందు చెప్పడు. మిరప తోట ఇప్పుడు పూతమీద ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ ఖమ్మం వెళ్ళి ఆయనను కలవాలి.