బిల్లు మొత్తానికి పాయింట్లు రావు

కరీంనగర్, ఆదిలాబాద్ బస్టాండ్ల దగ్గరి మామూలు లాడ్జిల్లో పాయింట్ల గోల ఉండదు. కిరాయి కట్టినమా, తాళంచెవి తీసుకున్నమా, గంతే. ఇంటర్వ్యూకో, ట్రైనింగ్‌కో హైదరాబాద్ పోయి పెద్ద కంపెనీ హోటల్లో దిగినప్పుడే "సర్, మెంబరా?" అని అడుగుతరు. మనోళ్లు యాప్ అయితే వేసుకుంటరు గానీ, ఏ రూపాయికి పాయింట్ వస్తదో చూడరు.

మారియట్ బాన్‌వాయ్‌నే తీసుకోండి. దాని చాలా బ్రాండ్లలో డాలర్ ఖర్చుకు 10 పాయింట్లు. గది రోజుకు 8,000 రూపాయలు అనుకుందాం. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,440. పాయింట్లు 8,000కే వస్తయి, పన్నుకు సున్నా. రాత్రి హోటల్లోనే తిని, ఆ బిల్లు గది ఖాతాలో రాయిస్తే తిండికీ వస్తయి. టిప్పుకు రావు.

అసలు దెబ్బ బుకింగ్ దగ్గర. బయటి ట్రావెల్ యాప్‌లో గది తీసుకుంటే అద్దెకు మామూలుగా పాయింట్లే పడవు. హోటల్ సొంత యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో తీసుకోవాలి. దోస్తులతో పోయినప్పుడు మీరూ అక్కడే దిగి, బిల్లు మీరే కడితే 3 గదుల దాకా మీ ఖాతాలోనే పడతయి.

అట్లని పాయింట్ల కోసం ఎక్కువ కట్టుడు తెలివి కాదు. నేనైతే ముందు రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి చూస్త. బయటి యాప్‌లో వెయ్యి తక్కువుంటే అదే తీసుకుంట. ఎందుకంటే 24 నెలలు ఖాతాలో కదలిక లేకుంటే పాయింట్లు పోతయి. మిగిలిన వెయ్యి మాత్రం జేబులోనే ఉంటది.