కాలేజీ ఇచ్చారు సరే, నిపుణులేరీ?

కామారెడ్డికి మెడికల్ కాలేజీ వచ్చింది. 2023 సెప్టెంబర్ 15న ఒక్కరోజే తొమ్మిది జిల్లాల్లో తొమ్మిది సర్కారు కాలేజీలు మొదలైతే అందులో మాదొకటి. వంద ఎంబీబీఎస్ సీట్లు. బీడీలు చుట్టే తల్లులకూ, దుబాయి, మస్కట్‌లలో చెమటోడ్చే తండ్రులకూ పిల్లల్ని డాక్టర్లను చేయడం అందే దూరంలోకి వచ్చింది. తెలంగాణ ఏర్పడేనాటికి ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలుంటే 2025 నాటికి 34. మంచిపనే, కాదనేవాళ్లెవరూ లేరు.

ఆ తర్వాత ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు. కాలేజీలో తొలి ఏడాది చేరిన ఆ వందమంది నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించుకుని బయటికొచ్చేసరికి 2029 వస్తుంది. అప్పటికి వాళ్లు ఎంబీబీఎస్ డాక్టర్లు. జ్వరం చూస్తారు, కుట్లు వేస్తారు, ప్రాణం మీదికొస్తే పైకి పంపుతారు. ఆ పైన చూసేవాళ్లు తయారయ్యేది పీజీలో. ఆ పీజీ చదువును ఈ దేశం ఎంత నిర్లక్ష్యంగా నడుపుతోందో చూస్తుంటే కడుపు రగిలిపోతోంది.

పీజీ సీటంటే డాక్టరమ్మల, డాక్టరుబాబుల సొంత గొడవ అనుకుంటున్నాం. వాళ్లు సమ్మె చేస్తే ఓపీ ఆగిందని విసుక్కుంటాం. పరీక్ష వాయిదా పడితే పేపర్లో లోపలి పేజీ వార్త. అది మన గొడవ కూడానని మా జిల్లాలోని ఎల్లారెడ్డి వైపు ఒక్క రాత్రి గడిపితే తెలుస్తుంది. పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీయాలంటే కాన్పుల డాక్టరు కావాలి, మత్తు డాక్టరు కావాలి, పుట్టిన బిడ్డ ఏడవకపోతే చూసుకోవడానికి పిల్లల డాక్టరు కావాలి. ముగ్గురూ ఒకే గంటలో ఒకేచోట ఉండాలి. ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా మిగతా ఇద్దరి చదువూ ఆ రాత్రికి పనికిరాదు. "మత్తు డాక్టరు లేడు, తీస్కపోండ్రి" అనే మాట చిన్న ఊళ్ల దవాఖానల్లో ఎంతమంది వినలేదు? చేతిలో ఒక చీటీ పెడతారు. హయ్యర్ సెంటర్‌కు రిఫర్ అని దాని మీద ఒకే ఒక్క లైను. నొప్పులు పడుతున్న ఆడబిడ్డను 108లో ఎక్కించి, లింగంపేట, తాడ్వాయి మీదుగా నలభై కిలోమీటర్ల దాకా కామారెడ్డికి పోవాలి. అక్కడా కుదరదంటే నిజామాబాద్, లేదంటే నూటపది కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో గాంధీయో నీలోఫరో. 2025 ఆగస్టు చివర్లో కుండపోత కురిసి 44వ నంబరు జాతీయ రహదారి తెగింది, భిక్కనూరు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆ రెండు రోజులు హయ్యర్ సెంటర్‌కు ఏ దారిన పోవాలి?

ఇది ఎల్లారెడ్డికి ఒక్కదానికే పట్టిన శాపం కాదు. దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన నిపుణుల్లో దాదాపు 80 శాతం లేరని కేంద్ర ఆరోగ్య శాఖ అచ్చేసిన 2021-22 గణాంకాలే చెబుతున్నాయి. అంత కొరత ఉందని రాసుకున్న ప్రభుత్వం నిపుణులను తయారుచేసే దారిని కంటికి రెప్పలా చూసుకోవాలి కదా. ఏం చేసిందో చూడండి.

2024 జూన్ 23 ఆదివారం, పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీ పరీక్ష జరగాలి. కేంద్రాలు దూరమైనవాళ్లు రైళ్లలో, బస్సుల్లో ముందురోజే చేరుకున్నారు. లాడ్జిల్లో పుస్తకాలు మూసి, అలారం పెట్టుకుని పడుకునే వేళకు, రాత్రి పూట, పరీక్ష వాయిదా అని ప్రకటన వచ్చింది. ముందుజాగ్రత్త అన్నారు. రెండు లక్షలకు పైగా డాక్టర్లు రాయాల్సిన పరీక్ష అది. ఉద్యోగాలు మాని ఏడాదిపాటు గదుల్లో కూర్చుని చదివినవాళ్లు తెల్లారి సంచులు సర్దుకుని తిరిగి ఇళ్లకు పోయారు. చివరికి ఆగస్టు 11న రెండు షిఫ్టుల్లో పెట్టారు. రెండు వేరు వేరు ప్రశ్నపత్రాలు రాసినవాళ్లకు ఒకే ర్యాంకుల వరుస. మరుసటి ఏడాదీ రెండు షిఫ్టులే అన్నారు. సుప్రీంకోర్టు 2025 మే 30న ఒక్క షిఫ్టులోనే పెట్టాలని ఆదేశిస్తే గానీ దారికి రాలేదు. దాంతో జూన్ 15 పరీక్ష ఆగస్టు 3కు జరిగింది. 2 లక్షల 42 వేల మందికి పైగా దరఖాస్తు చేసిన పరీక్షకు ఒక తేదీ చెప్పి దాని మీద నిలబడటం ఇంత పెద్ద దేశానికి చేతకాదా?

అంతకుముందు 2021 కథ ఇంకా ఘోరం. జనవరిలో జరగాల్సిన పరీక్ష ఏప్రిల్‌కు, అక్కణ్ణుంచి సెప్టెంబర్ 11కు జరిగింది. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా కేసు తేలక కౌన్సెలింగ్ ఆగిపోయింది. కోవిడ్ వార్డుల్లో ఒక బ్యాచ్ మొత్తం లేకుండా, ఉన్నవాళ్ల మీదే బరువంతా వేసి నెలల తరబడి నడిపారు. డిసెంబరులో ఢిల్లీ రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కారు. 2022 జనవరి 12న కౌన్సెలింగ్ మొదలైంది. అంత జరిగాక కూడా ఆ ఏడాది 1,456 పీజీ సీట్లు ఎవరికీ దక్కకుండా ఖాళీగా మిగిలిపోయాయి. ఎల్లారెడ్డి లాంటి ఎన్ని ఊళ్లకు ఎంతమంది నిపుణులు ఆ 1,456లో పోయారో ఏ అధికారైనా లెక్కేశాడా? రెండేళ్లు తిరక్కుండానే, 2023 సెప్టెంబరులో, సీట్లు నింపడానికి అర్హత పర్సంటైల్‌ను సున్నాకు దించారు. పరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ అర్హులే అన్నమాట. ఖాళీ ఉండిపోయే సీట్లలో ఎక్కువ మంది వద్దనుకునే నాన్ క్లినికల్ విభాగాలున్నాయి, మామూలు ఇంటివాళ్లు కలలో కూడా కట్టలేని ఫీజుల సీట్లున్నాయి. ఫీజు ముట్టుకోకుండా పర్సంటైల్ దించితే లాభం ఎవరికి? గాంధారి తండా నుంచి వచ్చి ఎంబీబీఎస్ చేసిన బిడ్డకు మాత్రం కాదు.

మన ఊళ్లలో పాత నర్సింగ్ హోముల బోర్డులు ఒకసారి చూడండి. పేరు కింద డీజీఓ, డీసీహెచ్, డీఏ అని ఉంటుంది. రెండేళ్ల డిప్లొమా కోర్సులవి. జిల్లాల్లో, తాలూకాల్లో కాన్పులు చేసిందీ, పిల్లల్ని బతికించిందీ, మత్తిచ్చిందీ చాలావరకు ఆ డిప్లొమా డాక్టర్లే. 2019లో ఆ సీట్లను మూడేళ్ల డిగ్రీ సీట్లుగా మార్చుకోవచ్చన్నారు, కాలేజీలు మార్చేసుకున్నాయి. పాఠం చెప్పే అర్హత ఉన్నవాళ్లు పెరిగారు, నిజమే. చిన్న ఊళ్లకు వచ్చే మనిషి తగ్గిపోయాడు. 2021 నుంచి జాతీయ పరీక్షల బోర్డు జిల్లా ఆస్పత్రుల కోసమని రెండేళ్ల డిప్లొమాలు మళ్లీ తెచ్చింది. పోగొట్టుకున్నదాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, ముందే మా వైపు ఒకసారి తొంగిచూడలేదనే కదా.

సీటు దొరికినవాళ్ల బతుకు బాగుందా అంటే అదీ లేదు. రెసిడెంట్ డాక్టర్లతో వారానికి 48 గంటలు పని చేయించాలని 1992లోనే కేంద్రం రాసింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ మానసిక ఆరోగ్యంపై వేసిన కార్యబృందం, 74 గంటలు మించనీయకండని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్లలో న్యాయం వైపు కాకుండా వెనక్కి నడిచి, దాన్ని ఉపశమనం అనుకోమంటున్నారు! ఆ పనికి ఇచ్చే స్టైపెండ్ కూడా సరిగా రాక 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగారు. ప్రైవేటు కాలేజీల్లో అయితే చేతికి వచ్చిన స్టైపెండ్‌ను యాజమాన్యానికి తిరిగిచ్చేస్తున్నామని కమిషన్ సర్వేలోనే వెయ్యిమందికి పైగా చెప్పారు. చెప్పినా ఏమైంది?

ఇక్కడి సంగతికొస్తే, 2025లో తెలంగాణలోని 34 ప్రభుత్వ కాలేజీల్లో 26కు అధ్యాపకుల కొరత, వసతుల లోపాల మీద కమిషన్ షోకాజ్ నోటీసులిచ్చింది. పాఠం చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే పీజీ చేసినవాళ్లు చాలడం లేదు. పీజీ సీట్లు పెరగవు, ఎందుకంటే పాఠం చెప్పేవాళ్లు లేరు. ఈ ముడి ఎవరో ఒకరు విప్పాలి. విప్పే బదులు ఏం చేస్తారో కూడా చూశాం. 2024 ఫిబ్రవరిలో కామారెడ్డి ప్రభుత్వ దవాఖాన ఐసీయూలో రోగిని ఎలుకలు కరిచాయి. సిగ్గుపడాల్సిన విషయం. వెంటనే డాక్టర్లను సస్పెండ్ చేశారు. భవనం, పారిశుద్ధ్యం, సిబ్బంది ఎవరి చేతిలో ఉన్నాయి, సస్పెన్షన్ ఎవరి మీద పడింది? అది చూసిన ఏ కుర్ర డాక్టరు జిల్లాకు ఇష్టంగా వస్తాడు?

ప్రతి పీజీ విద్యార్థీ చదువులో మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలన్న నిబంధన 2020 నుంచీ ఉంది. మంచి నిబంధన. అయితే మూడు నెలలు ఉండి పోయే మనిషికి ఉండటానికి గది, నేర్పడానికి సీనియరు, చేయడానికి ఆపరేషన్ థియేటరు లేకపోతే హాజరు వేయించుకుని వెళ్లిపోవడమే మిగులుతుంది. ఆ మూడు నెలలు బాగా గడిస్తే, రేపు పట్టా చేతికొచ్చాక పదిమందిలో ఒక్కరైనా కామారెడ్డినో ఎల్లారెడ్డినో తలుచుకుంటారు. వాళ్లకు అన్నం పెట్టడానికి జనం సిద్ధం, పలకరించి గది చూపించే బాధ్యత ప్రభుత్వానిది.

దారి లేదనకండి. 2025 జూలై నిబంధనల్లో కమిషన్ తలుపులు తెరిచింది. ఇద్దరు అధ్యాపకులుంటే రెండు పీజీ సీట్లతో కోర్సు మొదలుపెట్టొచ్చు. 220 పడకలు దాటిన ప్రభుత్వ ఆస్పత్రిలో పదేళ్లు పనిచేసిన నిపుణుడు అసోసియేట్ ప్రొఫెసర్ కావచ్చు. పీహెచ్‌సీలలో పనిచేసే డాక్టర్లకు పీజీలో కోటా ఇచ్చుకునే హక్కు రాష్ట్రాలదేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 31నే తేల్చింది. అయినా పక్క రాష్ట్రంలో 2024లో క్లినికల్ విభాగాల్లో ఆ కోటాను 30 నుంచి 15 శాతానికి కోస్తే, పీహెచ్‌సీ డాక్టర్లు పోరాడి కొంత వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. పల్లెలో ఉండి చూపించినవాడినే ముందు కోస్తారా?

కాబట్టి ఓట్లకు ఎల్లారెడ్డి, కామారెడ్డి వచ్చేవాళ్లందరినీ అడుగుతున్నాం. కొత్త భవనాల శంకుస్థాపనలు మాకు చూపించకండి. కామారెడ్డి కాలేజీలో మత్తు వైద్యం, ప్రసూతి, పిల్లల వైద్యం పీజీ సీట్లు ఎన్ని, ఏ ఏడాదికి, వాటికి అధ్యాపకులు ఎంతమంది, ఎల్లారెడ్డి దవాఖానలో రాత్రి డ్యూటీకి ఈ ముగ్గురు నిపుణులూ కలిసి ఉండే రోజు ఏ నెల నుంచి? కాగితం మీద తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వండి.