కోత పండుగకు పెద్ద గుమ్మడికాయ



కోత పండుగ దగ్గర పడుతున్నది. ఈ ఏడు చాలామంది పెరళ్లలో గుమ్మడిపాదు మీద ప్రత్యేకమైన శ్రద్ధ కనిపిస్తున్నది. కిందటి పండుగలో ఒక పెద్ద కాయకు పాట బాగా పెరిగింది గదా, అందుకేనేమో. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే మా భుజాలు మేమే తడుముకుంటున్నాము. ఆ కాయ మా పెరటిదే.

ఎలా పెంచామో దాచకుండా చెప్తాము. పెంటకుప్ప పక్కన విత్తనం పెట్టాము. తీగ పాకినకొద్దీ కణుపుల మీద మట్టి కప్పాము, అక్కడ కూడా వేళ్లు దిగుతాయి. తెల్లవారగానే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మేమే అద్దాము. (తేనెటీగ చేసే పనే, దానికంటే ముందు లేచామంతే.) కాయ అడుగున గడ్డి పరిచాము. ఇంతవరకు బాగానే ఉన్నది. ఆ తరువాత మిగతా పిందెలన్నీ గిల్లేశాము. పాదు బలమంతా ఒక్క కాయకే పోవాలి గదా. ఆరో ఏడో గిల్లి ఉంటాము.

విదేశాల్లో ఇది పెద్ద పోటీ. కెనడాలో హోవార్డ్ డిల్ అనే రైతు ఇందుకోసమే ‘అట్లాంటిక్ జెయింట్’ అనే రకాన్ని వృద్ధి చేశాడు. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బేలో తూచిన కాయ 1,247 కిలోలు, ఇంచుమించు రెండు ఒంగోలు గిత్తలంత. అవి చూడటానికే గాని కూరకు అంత రుచిగా ఉండవు. వారి సరదాను మేము తప్పు పట్టము.

మన పెరడు సంగతి వేరు. సంక్రాంతికి ఒక గుమ్మడికాయ కోస్తే ఐదారు ఇళ్లకు ముక్కలు వెళ్తాయి. ఒకరింట్లో దప్పళం, ఒకరింట్లో పులుసు. కోసిన కాయ నిలవదు, పంచక తప్పదు. మేము గిల్లిన పిందెలు ఎన్ని ఇళ్ల కూరో మీరే లెక్క వేయండి. పొలం అంచులు బీదలకు విడిచిపెట్టమన్న దేవుడు పెరటి పిందెలను లెక్కలోకి తీసుకోడని అనుకోలేము.

ఆ రోజు మా కాయను ఇద్దరు మోసుకొచ్చారు. అందరూ ఫోటోలు తీశారు. వెనుక ఒక విధవరాలు కొంగు చాటున చిన్న కాయ పట్టుకొని వచ్చి, బల్ల మీద పెట్టకుండా గోడ మూలన పెట్టి వెళ్లిపోయింది. ఆమె పాదుకు కాసింది అదొక్కటే. మేము చూశాము. పిలవలేదు. పాట మంచి ఊపు మీద ఉన్నది.

అందుకే ఈసారి గుమ్మడికాయలకు పాట వద్దని, అన్నీ కోసి ప్రేమవిందులో కలిపి వండుదామని పెద్దలతో అన్నాము. మరి మందిరం రేకులకు డబ్బు ఎక్కడిదని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రేకుల కోసం వేరే కానుక పట్టుదాము, అది ఆలస్యమైతే ఇంకొక వానాకాలం తడుద్దాము.

ఈ ఏడు మా పాదుకు నాలుగు కాయలున్నాయి, ఒకటి వంకర. నాలుగూ తెస్తాము. పెద్ద కత్తిపీటలు రెండు కావాలి, ఉన్నవారు అమ్మగారికి ముందుగా చెప్పండి.