తీరిక వేళ: పాత ప్లేటుకు తగిన ముల్లు

మా మేనత్త హోసూరు నుండి దసరాకు వచ్చి ఈసారి ఒక కోరిక కోరింది. "ఒరే, మీ తాత పద్యాల ప్లేటు మీ ఇంట్లోనే ఉండాల. ఒక్కసారి వినిపించురా" అన్నది. ఆమెకు ఎనభై రెండేళ్ళు. చీర కావాలన్నది కాదు, యాత్ర కావాలన్నది కాదు. ఈపాటి కోరిక తీర్చలేమా అని మేము అటక ఎక్కినాము.

ట్రంకు పెట్టె అడుగున ప్లేటు దొరికింది. మా రికార్డు ప్లేయరుకు 78 చుట్ల వేగము కూడ ఉన్నది. మనసులో గణపతిని తలచుకొని ముల్లు ఆనించినాము. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడినట్లు ఒకటే రొద! అందులో పద్యము ఏమూలనో వినిపించీ వినిపించనట్లున్నది. అత్తయ్య కాసేపు చెవి ఒగ్గి విని, "పోనీలేరా, దాని ఆయుస్సు తీరింది" అని లేచిపోయింది. ఆ మాట మమ్ములను గుచ్చుకున్నది.

ఆఫీసులో ఫైళ్ళు తిరగవేయుటకు అలవాటు పడిన వారము గదా, ఆ వారమంతా దీనిని గురించి దొరికినదెల్లా చదివినాము. ముల్లునూ, అది కదిలినప్పుడు విద్యుత్తు పుట్టించే తీగచుట్టలనూ తనలో ఇముడ్చుకొన్న చిన్న పెట్టెను కార్ట్రిడ్జి అంటారు. దానిని ఇంట్లోనే మార్చి స్వరము బాగుచేసుకొనే ఔత్సాహికులు అనేక దేశాలలో ఉన్నారు. జపానులో 1960ల తొలినాళ్ళలో అక్కడి ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. కోసం రూపొందిన డెనాన్ డి.ఎల్.-103 వీరికి ముద్దుబిడ్డ. దాని ప్లాస్టిక్కు తొడుగు ఊడదీసి, అదిరిపోకుండా కర్రతోనో అల్యూమినియముతోనో చేసిన తొడుగు వేస్తారు.

ఇది చదివి మాకూ చేతులు దురద పెట్టినవి. మా కార్ట్రిడ్జి ఆ జాతిది కాదు, మేము పనివారమూ కాదు. అయినా ఒక ఆదివారము మధ్యాహ్నము బ్లేడుతో దాని తొడుగు విప్పబోయినాము. బ్లేడు జారింది. ముల్లును మోసే సన్నని కడ్డీ పుటుక్కున విరిగింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట! మా ఇంటావిడ ఏమీ అనలేదు. అనకపోవుటే ఎక్కువ బాధ పెట్టింది.

అప్పుడు గాని మాకు అసలు సంగతి బోధపడలేదు. జబ్బు తొడుగులో లేదు, ముల్లు కొలతలో ఉన్నది. ఎల్.పి. ప్లేట్లు 1948లో వచ్చినవి. వాటి గాడి సన్నము కనుక ముల్లు మొన సుమారు 0.7 మిల్, అనగా అంగుళములో వెయ్యవ వంతులో ఏడు పదుల వంతు. పాత 78 ప్లేటు గాడి వెడల్పు. దానికి సుమారు 3 మిల్ మొన కావలె. సన్న మొనను వెడల్పు గాడిలో దింపితే అది ప్రక్క గోడలను సరిగా పట్టక, అడుగున పేరుకొన్న దుమ్ములో ఈడ్చుకొని పోతుంది. మేము విన్నది పద్యము కాదు, డెబ్బది ఏండ్ల దుమ్ము!

కనుక ఇటువంటి ప్లేట్లు ఇంట నున్నవారు ముందుగా చేయవలసినది ముల్లు మార్పు. ఆడియో-టెక్నికా వి.ఎమ్.95 తరగతి కార్ట్రిడ్జిలలో ముల్లును చేతితోనే తీసి మరొకటి పెట్టవచ్చును. 78 ప్లేట్ల కోసం 3 మిల్ ముల్లు వేరుగా దొరుకును. దానికి 5 గ్రాముల బరువు కావలె. మీ ప్లేయరు చేయి అంత బరువు పెట్టగలదా అన్నది కొనకముందే చూచుకొనండి. చిన్న తూనిక పెట్టి బరువు సరిచూడండి, కంటి అంచనా పనికిరాదు.

రెండవది తీగల మార్పు. 78 గాడిలో పాట అంతా ప్రక్కవాటు ఊపులోనే ఉంటుంది. అది ఎడమ కుడి వైపులకు ఒకే తీరుగా అందుతుంది. దుమ్ము వలన ముల్లు పైకి క్రిందికి ఎగిరిపడే రొద మాత్రము రెండు వైపులా ఎదురెదురుగా పుడుతుంది. రెండు వైపులనూ కలిపివేస్తే పాట నిలుస్తుంది, ఆ రొద ఒకదానినొకటి కొట్టివేసుకొంటుంది. కార్ట్రిడ్జి వెనుక తెలుపు, ఎరుపు తీగలు ఒక జతగా, నీలము, ఆకుపచ్చ తీగలు ఒక జతగా కలపవలె. అయితే కార్ట్రిడ్జి పుల్లలకు సాల్డరింగు కడ్డీ తగిలించకండి, లోపల కరిగిపోవును. మేము ఎస్.పి. రోడ్డులో రెండింటిని ఒకటిగా, ఒకదానిని మరల రెండుగా చేసే కేబులు ముక్కలు తెచ్చి ప్లేయరు వెనుకనే పని ముగించినాము. వద్దనుకొంటే ఊడదీయవచ్చును.

మూడవది, ప్లేటును కడుగుట. పాత ప్లేట్లు లక్కతో చేసినవి. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది సుమా! డిస్టిల్డు నీటిలో ఒక్క చుక్క మెత్తని సబ్బు వేసి, మధ్యనున్న కాగితము తడవకుండా తుడిచి, నీడలో ఆరబెట్టండి.

దీపావళికి అత్తయ్య మరల వచ్చింది. ఏమీ చెప్పకుండా ప్లేటు పెట్టినాము. హార్మోనియము శ్రుతి, ఆపైన పద్యము! రాగము తీసేముందు పాడినాయన ఊపిరి పీల్చుకొనుట కూడ తెలిసింది. నడుమ ఒకచోట టక్, టక్, టక్ అని చుట్టుకొకసారి చప్పుడు వచ్చి ఆగింది. అదొక్కటీ మా చేతకాలేదు, అది దుమ్ము కాదు, గీత.

అత్తయ్య కన్నీళ్ళు పెట్టుకొన్నది. పద్యానికేమో అనుకొన్నాము.

"ఆ గీత గీసింది నేనురా. నాకప్పుడు ఏడేండ్లు. ముల్లు పట్టుకోబోతే జారిపోయింది. తమ్ముడు చేశాడని చెప్పినాను. మీ తాత మీ నాయనను చింతబరికెతో కొట్టినాడు. వాడు నా పక్క చూసినాడే గాని ఒక్క మాట చెప్పలేదు."

మా నాన్నగారు పోయి పదకొండేండ్లయినది. ఈ సంగతి మాతో ఎన్నడూ అనలేదు.

ప్లేటును కంప్యూటరులోకి ఎక్కిస్తూ మా అబ్బాయి, "ఆ టక్కు చప్పుడు తీసేయమంటావా, అవ్వా?" అని అడిగినాడు. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకొని, "వద్దు నాయనా, దాన్ని అట్లే ఉండనీ" అన్నది.

అట్లే ఉంచినాము.