రాత్రికేం వండుదాం?

సాయంత్రం ఆరున్నర. రాజమండ్రి దేవీచౌక్‌లో ఇసకేస్తే రాలని రద్దీ. ఆఫీసు నుంచి బయటపడ్డ ఆయన బండి పక్కన ఆపి ఇంటికి ఫోన్ చేస్తాడు. 'ఏమోయ్, రాత్రికేం వండుతున్నావు?' అవతల ఆవిడ కూడా అప్పుడే స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఉంటుంది. 'మీరు చెప్పండి, ఏం చేయమంటారు?'.. 'నీ ఇష్టం'. అంతే, ఫోన్ పెట్టేస్తారు.

ఒక్క రాజమండ్రే కాదు.. కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు, ఎక్కడైనా సరే, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో రోజూ వినబడే మాటలే ఇవి. పైకి ఎంతో మర్యాదగా ఉంటాయి. అసలే గోదావరి జిల్లాలు, మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నా 'అండీ', 'ఆయ్' తప్పవు కదా! కానీ 'నీ ఇష్టం' అన్న ఆ రెండు మాటలతో వండే పనితోపాటు ఏం వండాలో ఆలోచించే పని కూడా ఆవిడ నెత్తినే పడింది. ఆయన మాత్రం ఆవిడకి పూర్తి స్వేచ్ఛ ఇచ్చాననే అనుకుంటాడు, పాపం.

ఆలోచించేదేముంది, ఏదో ఒకటి వండి పడేస్తే పోలా అనడానికి ఇదేమన్నా ఆషామాషీ ప్రాంతమా? ఇక్కడి నాలుకలకి పనసపొట్టు కూర తెలుసు. లేత పనసకాయని కత్తికీ చేతులకీ నూనె రాసుకుని సన్నగా కొట్టాలి, లేదంటే జిగురు వదలదు. రైతుబజారులో కొట్టిన పొట్టే అమ్ముతారు కాబట్టి ఆ బాధ కొంత తప్పింది. కానీ ఆవ మాటేమిటి? ఆవాలూ ఎండుమిరపకాయలూ నానబెట్టి నూరాలి. కూర దించాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా వేశామా.. చేదెక్కి ఊరుకుంటుంది. కంద బచ్చలి సంగతి సరేసరి. కంద తరిగితే చేతులు దురద, చింతపండు పులుసు పడకపోతే గొంతు దురద. ఇవన్నీ బామ్మల నాటి తీరుబడి వంటలు. పొద్దున తొమ్మిదింటికి గుమ్మం దాటి, దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరే వాళ్ల కోసం పుట్టినవి కావు.

అందుకే ఈ ఇళ్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి వంటకి వేరే లెక్క ఉంటుంది. కుక్కర్‌లో కందిపప్పు పడితే ఒకరోజు పప్పుచారు, మర్నాడు తోటకూర పప్పు. పక్కన బెండకాయ వేపుడో, డబ్బాలో ఉన్న గుమ్మడి వడియాలో. వంకాయలు లేతగా దొరికిన రోజు అల్లం పచ్చిమిర్చి నూరి పెడితే పది నిమిషాల్లో కూర. మరీ ఒపిక లేని రోజున ఆదుకునేది దిబ్బరొట్టె. మందపాటి మూకుడులో నూనె పోసి, మినప్పిండి రెండంగుళాల మందాన వేసి, మూతపెట్టి, సన్నసెగ మీద వదిలేయడమే. పూర్వం మూత మీద నిప్పులు కూడా వేసేవాళ్లు. ఇప్పుడు గ్యాసు మంట తగ్గించి పిల్లాడి లెక్కలు చూసి వచ్చేసరికి అడుగున ఎర్రగా కాలి, ఇల్లంతా కమ్మటి వాసన. నంజుకోడానికి ఆవకాయ ఉంటే సరి, తీపి ఇష్టమైన వాళ్లకి బెల్లం పాకం.

ఇంత సుఖమైన వంట ఇంకోటి లేదనిపిస్తుంది. అయితే ఆ పిండి ఎక్కణ్నుంచి వచ్చింది? ఆదివారం రుబ్బితే వచ్చింది. వడియాలు వేసవి సెలవుల్లో పెట్టారు. ఆవకాయ మేలో కలిపారు. అంటే వారంలో అయిదు రాత్రులు ఆవిడ అరగంటలో వంట ముగించడానికి వెనకాల ఎన్నో సెలవు రోజులు ఖర్చయిపోయాయన్నమాట!

ఈ గంటల్ని లెక్కగట్టిన వాళ్లున్నారు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జనం ఇరవై నాలుగ్గంటల్ని ఎలా గడుపుతున్నారో దేశమంతా తిరిగి సర్వే చేసింది. జీతంలేని ఇంటిపనుల్లో పాలుపంచుకునే ఆడవాళ్లు వాటికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అదే మగవాళ్లయితే 97 నిమిషాలు. పోనీ గంటన్నర చేస్తున్నారు కదా అని సంతోషించబోయారేమో.. అది పనిచేసే మగవాళ్ల సగటు మాత్రమే. నూటికి 81 మంది ఆడవాళ్లు ఇంటిపని చేస్తుంటే, చేసే మగవాళ్లు 26 మందే. మిగతా 74 మందీ 'నీ ఇష్టం' బాపతు.

ఇలాంటి మాట ఎత్తగానే పెద్దవాళ్లు డొక్కా సీతమ్మగారిని గుర్తుచేస్తారు. చేయాల్సిందే, అంతటి మహాతల్లి. 1841లో మండపేటలో పుట్టి, కోనసీమలోని లంకల గన్నవరానికి డొక్కా జోగన్నగారి ఇల్లాలిగా వచ్చింది. గోదావరి పాయలు దాటి వెళ్లే బాటసారులకి ఆ ఇల్లే మజిలీ. అర్ధరాత్రి తలుపు తట్టినా కులమేదని అడక్కుండా పొయ్యి రాజేసి వేడన్నం వండిపెట్టేదని ఆ సీమంతా చెప్పుకుంటారు. 1909లో కన్నుమూసే దాకా అదే వ్రతం. గన్నవరం దగ్గరి అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టుకున్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లోని మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టారు. అయితే 'చూశావా, గోదావరి ఇల్లాలంటే అలా ఉండాలి' అని కోడళ్లకి పాఠం చెప్పేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. సీతమ్మగారు తొమ్మిదింటి బస్సు పట్టుకోలేదు. పైగా జోగన్నగారు తన పొలంలో పండిన ధాన్యమంతా ఆ వంటింటికి ధారపోసిన మనిషి. ఆయన ఒప్పుకోకపోతే, ఆ గింజలు గాదెలోనే ఉండిపోతే, ఆ పొయ్యి అన్నేళ్లు వెలిగేదా? ఆయన గురించి ఎవరూ అల్లుళ్లకి పాఠం చెప్పరెందుకో!

సరే, శనివారం వచ్చింది. ఇక్కడ మాత్రం గోదావరి మగవాణ్ని మెచ్చుకోక తప్పదు. మిగతా రోజులు వంటింటి వైపు తొంగిచూడని మనిషి కూడా చేపల బజారుకి మాత్రం తానే వెళ్తాడు. మొప్ప ఎత్తి చూస్తాడు, కన్ను మెరుస్తోందా లేదా అని చూస్తాడు, బేరమాడతాడు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య ఎర్రనీరు వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు, పులస కోసం కళ్లు కాయలు కాస్తాయి. సముద్రంలో ఉన్నప్పుడు అది మామూలు ఇలస చేపే. గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురీదుతూ, తియ్యనీళ్లలో ఉప్పదనం వదిలించుకుంటూ పులసగా మారుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కానీ, వేలకి వేలు పోసి కొన్నది తీరా ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలస అని తేలితే పుస్తెలూ పోయె, పులసా పోయె. నెల జీతగాళ్లు ఏడాదికి ఒకసారి నలుగురితో వాటా వేసుకోవడమో, లేదంటే కొర్రమీనుతో సరిపెట్టుకోవడమో చేస్తుంటారు.

పులస పులుసులో ఉద్యోగస్తులకి పనికొచ్చే గుణం ఒకటుంది. అది వండిన రోజు కంటే మర్నాడే బాగుంటుంది. చింతపండు రసం ముక్కకి పట్టాలి, ముల్లు మెత్తబడాలి. ఇంకేం.. శనివారం రాత్రి పొయ్యి మీద పెట్టేస్తే ఆదివారం మధ్యాహ్నానికి అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. ఈ పులుసుకి ఇంకో నియమం కూడా ఉంది. గరిటె పెట్టి కలపకూడదు, ముక్క చితికిపోతుంది. గిన్నెని రెండుచేతులా పట్టుకుని మెల్లగా కుదపాలి. పెద్ద మట్టిదాకలో వండితే అది మొయ్యడం మగవాడి వంతయితే తప్పేముంది? చేప ముట్టని ఇళ్లలో ముక్కలపులుసు కూడా ఇంచుమించు ఇంతే, రాత్రిది పొద్దున్న తింటే ఆ రుచే వేరు.

అలా మిగిలిన ఆదివారం పొద్దుటిని ఏం చేసుకోవాలి? రాజమండ్రిలో ఉన్నవాళ్లకి ఆ చింత అక్కర్లేదు. 2015లో పేరు రాజమహేంద్రవరంగా మారినా జనం నోట్లో రాజమండ్రే! బండి తీస్తే కాసేపట్లో కడియం నర్సరీలు. కరివేపాకు మొక్క ఒక్కటి కొందామని వెళ్లి, అయిదు గులాబీ అంట్లతో తిరిగి రావడం అందరికీ అనుభవమే. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట కథని పిల్లలకి చూపించొచ్చు. ఊళ్లోనే దామెర్ల రామారావు చిత్రశాల.. 1897లో పుట్టి 1925లోనే వెళ్లిపోయిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు ఓ అరగంట నిలబడొచ్చు. ఆయన భార్య సత్యవాణి కూడా బొమ్మలు వేసింది. భార్యాభర్తలిద్దరూ కుంచె పట్టిన ఇల్లు అది, ఆ రోజుల్లో!

సాయంత్రం మాత్రం గట్టు మీదికే. ఒక రోజ్‌మిల్క్ తాగి, పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుంటే కళ్లముందు వంతెనలు. 1900లో రైళ్లు ఎక్కి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన, కింద రైళ్లూ పైన బస్సులూ నడిచే 1974 నాటి వంతెన, విల్లుల్లా వంగిన కమానుల వంతెన. వీటికి టిక్కెట్టు లేదు. ఆయన ఫోన్ జేబులో పెట్టేస్తే ఆవిడకి ఇంకేం అక్కర్లేదు. అయితే చాలా ఇళ్లలో ఆవిడ అక్కడ అరగంట కంటే కూర్చోదు. 'పదండి, మినపప్పు నానబెట్టి వచ్చాను, రుబ్బాలి' అంటుంది.

మినపప్పు నానడానికి నాలుగ్గంటలు పడుతుంది. రుబ్బడానికి గ్రైండర్‌లో అరగంట. కడగడం, రవ్వ కలపడం, గిన్నెలు తోమడం కలిపి ఇంకో అరగంట. వెరసి ఒక గంట పని. పొట్టు పోయేలా కడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చేపకి మొప్ప చూసి రోజు లెక్క చెప్పేసే మనిషికి నురగ చూసి పిండి నలిగిందో లేదో చెప్పడం ఏమంత కష్టం?

ఒక ఇంట్లో అలాగే జరిగిందనుకోండి. ఆవిడ ఇంకాసేపు గట్టు మీదే కూర్చుంటానంది. తోడుగా పక్కింటావిడ ఉంది. ఆయన ముందు ఇంటికొచ్చి పప్పు కడిగాడు, గ్రైండర్ వేశాడు. మధ్యలో రెండుసార్లు నీళ్లు ఎక్కువయ్యాయేమోనని భయపడ్డాడు. తీరా పిండి గిన్నెలోకి తీశాక ఉప్పు ఇప్పుడే వేయాలా, పొద్దున్న వేయాలా అన్న అనుమానం వచ్చింది. ఫోన్ తీశాడు.

'ఏమోయ్, ఉప్పు సంగతేంటి?.. సరే, సరే. అన్నట్టు రేపు రాత్రికేం వండుదాం?'

అవతల నుంచి వెంటనే జవాబు రాలేదు. వంతెన మీద రైలు వెళ్తున్న చప్పుడు వినిపించింది. అది పోయాక ఆవిడ అంది.. 'మీ ఇష్టమండీ'.